మిద్దె మీది యాంటెనా నుంచి తెర మీది ఒత్తుల దాకా

చూళైలో మా పాత ఇంటి మిద్దె మీద ఇప్పటికీ ఒక ఇనుప గొట్టం నిలబడి ఉంది. దానికీ పిట్టగోడలో కొట్టిన మేకుకీ మధ్య తీగ కట్టి బట్టలు ఆరేస్తాం. మొన్న సున్నం కొట్టడానికి వచ్చిన మేస్త్రీ దాన్ని కోసేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. బట్టల కోసమే అనుకున్నాడు పాపం. ఆ గొట్టం నాయన టీవీ యాంటెనా కోసం పాతించింది.

వలసల గురించీ, ఇంటిపేర్ల గురించీ, పెళ్ళి పద్ధతుల గురించీ రాసుకునే చోట టీవీ గోల ఏమిటని మీకు అనిపించొచ్చు. కానీ ఆంధ్ర బయట స్థిరపడ్డ మన ఇళ్ళల్లో తెలుగు ఎట్లా నిలబడింది అని లెక్క తీస్తే, అవ్వ చెప్పిన కథలూ పెళ్ళిళ్ళకు ఊరెళ్ళి రావడమూ ఎంత ముఖ్యమో, 1990ల తర్వాత ఆ పెట్టె కూడా అంతే ముఖ్యం. ఆ పెట్టెలో బొమ్మ తేటపడటానికీ, మా పిల్లలకు తెలుగు అక్షరాలు తెలియడానికీ సంబంధం ఉంది. అదెట్లాగో చెప్పడానికే ఇది.

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. అప్పటికి ఢిల్లీలో టీవీ వచ్చి పదహారేళ్ళు (1959 సెప్టెంబరు 15), బొంబాయిలో మూడేళ్ళు (1972 అక్టోబరు 2). హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న, బెంగుళూరు కేంద్రం 1981 నవంబరు 1న వచ్చాయి. అంటే ఈ దక్షిణాది కేంద్రాల్లో మొదటిది మద్రాసుదే. తెలుగు సినిమాల్లో చాలా మటుకు అప్పట్లో కోడంబాకంలో, వడపళనిలో తీసేవాళ్ళు. తెలుగు సినిమా మా ఇంటికి బస్సు దూరంలో తయారవుతుంటే, తెలుగు టీవీ మాత్రం ఎక్కడో హైదరాబాదులో పుట్టి అక్కడే ఆగిపోయేది. దానికి కారణం టవరు. నేల మీది టవరు నుంచి వచ్చే సిగ్నల్ దాదాపు చూపు మేరకే పోతుంది. ఎత్తైన టవరు, ఎక్కువ పవరు ఉంటే వంద కిలోమీటర్ల చుట్టుపక్కలకు చేరుతుంది. ఆపైన భూమి గుండ్రమే అడ్డం.

కాబట్టి టవరు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి భాషే. దీనికి తిరగేసిన ఉదాహరణ మా అమ్మ పుట్టిల్లు సూళ్ళూరుపేట. అది ఆంధ్రదేశమే, అప్పట్లో నెల్లూరు జిల్లా. కానీ మద్రాసుకు ఎనభై కిలోమీటర్లు, హైదరాబాదుకు అయిదు వందల పైమాటే. మా మేనమామ ఇంటి మీద పొడుగాటి గొట్టం ఎక్కించి, బూస్టరు పెట్టి పట్టింది మద్రాసు టవరునే. తెలుగు నేల మీద కూర్చుని శుక్రవారం సాయంత్రం 'ఒళియుమ్ ఒలియుమ్' చూసేవాళ్ళు. అదే రోజు హైదరాబాదులో 'చిత్రలహరి' వస్తుందని మాకు బంధువుల ఉత్తరాల్లో తెలిసేది. రాష్ట్రం సరిహద్దు ఒకటి, టవరు సరిహద్దు ఇంకొకటి.

మద్రాసులో మాకు టవరు దగ్గరే, శివానంద సాలైలో. అందుకని చుక్కల బాధ తక్కువ, నీడ బాధ ఎక్కువ. టవరు నుంచి నేరుగా వచ్చిన సిగ్నల్ ఒకటి, ఏదో పెద్ద కట్టడానికి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చింది ఇంకొకటి. రెండూ కలిసి ఒక మనిషికి పక్కనే మసక మనిషిని నిలబెట్టేవి. నాయన మిద్దెక్కి గొట్టం తిప్పేవాడు, నేను మెట్ల మీద నిలబడేదాన్ని, చిన్నాయన లోపల తెర ముందు. "వచ్చింది, వచ్చింది, అయ్యో పోయింది, అట్నే ఉండన్నా!" అని అరుపులు. మీ ఇళ్ళల్లోనూ ఈ నాటకం జరిగే ఉంటుంది. చేపముల్లు లాంటి ఆ యాంటెనాకు పేరు యాగి. 1926లో జపానులో యాగి, ఉడా అని ఇద్దరు కనిపెట్టింది. ఒకవైపే చూడటం దాని గుణం. అటు తిప్పితే నేరు సిగ్నల్ బలంగా వస్తుంది, పక్కనుంచి వచ్చే నీడ తగ్గుతుంది. నాయనకు ఈ శాస్త్రం తెలియదు, చెయ్యి తిరిగిపోయిందంతే.

ఇక్కడ ఒక పక్క కథ చెప్పాలి. మద్రాసు టవరు మొదలైన నెలలోనే, 1975 ఆగస్టు 1న, సైట్ అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి తెచ్చుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా మూడూ అందులో ఉన్నాయి. కోళ్ళ గూటికి వాడే ఇనుప వల లాంటి దానితో చేసిన పది అడుగుల గొడుగు, దాని కింద పంచాయతీ టీవీ. నన్ను ఆకట్టుకునే సంగతి వేరే ఉంది. ఆ ఉపగ్రహం పంపే బొమ్మ ఒకటే, దాంతోపాటు పంపే మాటలు రెండు దార్లలో. ఒకే బొమ్మకు రెండు భాషలు! 1976 జూలై 31తో ప్రయోగం అయిపోయింది. హైదరాబాదు, గుల్బర్గా కేంద్రాలు రెండూ ఆ ప్రయోగం కొనసాగింపుగా 1977లో వచ్చినవే. కానీ నేల టవర్లలో ఆ రెండు మాటల సదుపాయం లేదు. ఒక బొమ్మ, ఒక మాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

రంగు వచ్చింది 1982లో. ఆగస్టు 15 వేడుకలను ఢిల్లీ నుంచి దేశమంతటికీ రంగులో చూపించారు, నవంబరులో ఆసియా క్రీడలు. మా ఇంట్లో అప్పుడున్నది తలుపుల పెట్టె టీవీ, నలుపు తెలుపు. దాని మీద కింద ఆకుపచ్చ, పైన నీలం ఉన్న ప్లాస్టిక్ అట్ట తగిలించి రంగు టీవీ అనుకున్నాం కొన్నాళ్ళు. గవాస్కర్ తల ఎప్పుడూ నీలమే.

ఆ మార్పులో ఒక మర్యాద ఉంది, ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. మన దేశం ఎంచుకున్న పాల్ పద్ధతిని జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ అనే ఇంజనీరు 1960ల మొదట్లో తయారుచేశాడు. వెలుగు నీడల సమాచారాన్ని పాత పద్ధతిలోనే ఉంచి, రంగు సమాచారాన్ని దాని సందుల్లో ఇరికిస్తుంది అది. 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు, అదేమీ మారలేదు. అందువల్ల పాత నలుపు తెలుపు టీవీకి రంగు ప్రసారం వచ్చినా అది మామూలుగానే పనిచేసింది, రంగును పట్టించుకోకుండా. ఎవరూ టీవీ పారేయాల్సిన పని లేకపోయింది. మా పెట్టె 1989 దాకా నడిచింది. తర్వాతి మార్పులకు ఈ మర్యాద లేదు.

అప్పటికి తెలుగు మా ఇంటికి ఎప్పుడొచ్చేది? ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ నుంచి ప్రాంతీయ భాషా చిత్రం వేసేవాళ్ళు, అవార్డు వచ్చినవి. వంతులు వంతులుగా భాషలు. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని అవ్వ పేపరు చదివించుకునేది. వచ్చిన రోజు పక్కవీధి నుంచి కూడా మనవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇల్లు ఇల్లంతా చాపలు. అవ్వకు తమిళం అంగట్లో బేరమాడేంత బాగా వచ్చు. కానీ "అరవం బేరానికి సరే, ఏడుపుకు రాదే" అనేది. ఏడవడానికి సొంత భాష కావాలని ఆమె ఉద్దేశం.

1990లు మొత్తాన్ని తలకిందులు చేశాయి. 1991 గల్ఫ్ యుద్ధం, స్టార్, 1992 అక్టోబరులో జీ, 1993 ఏప్రిల్ 14న సన్, ఇదంతా మీకు తెలిసిందే. మన మటుకు అసలు తేదీలు రెండు. 1995 ఫిబ్రవరిలో జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ. హైదరాబాదు దూరదర్శన్ కార్యక్రమాలు కూడా డీడీ-8 పేరుతో ఉపగ్రహం ఎక్కాయి. భూమి గుండ్రం ఇక అడ్డం కాదు. ఆకాశం నుంచి వచ్చేది ఆదిలాబాదుకీ ఆవడికీ ఒకటే. సైట్ గొడుగు పల్లెకు ఒకటి ఉంటే, ఇప్పుడు వీధికి ఒకటి కేబుల్ వాడి మిద్దె మీద.

కానీ ఆకాశానికీ మా ఇంటికీ మధ్య ఆ కేబుల్ ఉంది. తేటదనం సమస్యంతా అక్కడ మొదలైంది.

నల్ల తీగ లోపల పోయే సిగ్నల్ దూరం పోయేకొద్దీ నీరసపడుతుంది. పౌనఃపున్యం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ నీరసం. అందుకని దారిలో ఆంప్లిఫయర్లు పెడతారు. ఆంప్లిఫయరు బొమ్మతో పాటు చెత్తను కూడా పెంచుతుంది. అయిదారు ఆంప్లిఫయర్లు దాటాక తీగ చివర ఉన్న ఇంటికి చేరేది సగం బొమ్మ, సగం చుక్కలు. పైగా సముద్రపు గాలికి జాయింట్లు పచ్చగా చిలుము పట్టేవి. మా ఇల్లు సరిగ్గా తీగ చివర.

ఇంకా ఉంది. కేబుల్‌లో మంచి చోట్లు, చెడ్డ చోట్లు ఉంటాయి. కింది పౌనఃపున్యాలు అంటే ముందు వరస కుర్చీలు. పాత టీవీలన్నీ అవి పడతాయి, బొమ్మ గట్టిగా వస్తుంది. ఆ పైన ఎస్-బ్యాండు, ఇంకా పైన హైపర్ బ్యాండు. ఎనిమిది పన్నెండు బటన్ల పాత టీవీలకు అవి అసలు అందవు, అందినా చుక్కలే. ముందు వరసలో ఎవరు కూర్చోవాలి? ఊళ్ళో ఎక్కువమంది చూసేవి. తమిళం, తర్వాత హిందీ, క్రికెట్. ఆపైన డబ్బు కట్టి చోటు కొనుక్కున్నవి. మద్రాసులో తెలుగు ఛానెళ్ళకు దొరికింది ఎప్పుడూ చివరి బెంచీ. మా కేబులబ్బాయిని నాయన అడిగితే, "మీ వీధిలో తెలుగువాళ్ళు ఎన్ని ఇళ్ళు సార్?" అన్నాడు. నాయన లెక్క చెప్పాడు, పదకొండు. అతను నవ్వి ఊరుకున్నాడు. తప్పు పట్టలేం, అతని వ్యాపారం అది. కానీ ఆ పదకొండు ఇళ్ళల్లో మూడు నాలుగు తరాలుగా తెలుగు మాట్లాడుతున్నారని అతని లెక్కలో ఎక్కడా రాదు కదా.

సరే, చుక్కలున్నా మాట వినబడేది. సీరియల్ చూడటానికి చుక్కలు అడ్డం కాదు. అడ్డమైంది చదువుకు.

ఇది కాస్త వివరంగా చెప్పాలి. మా తరం పిల్లలం బడిలో తమిళం చదివాం, ఇంట్లో తెలుగు మాట్లాడాం. నాకు తెలుగు చదవడం నాయన నేర్పాడు, అదీ సగం సగం. మా పిల్లల తరానికి వచ్చేసరికి నేర్పే తీరిక ఎవరికీ లేదు. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక తరగతి పెంచుకుంటూ తమిళాన్ని తప్పనిసరి చేశారు. ఆ మొదటి జట్టు 2016లో పదో తరగతి పరీక్ష రాసింది. తెలుగు మైనారిటీ బడుల పిల్లల కోసం కోర్టులకు కూడా వెళ్ళారు. తమిళం నేర్చుకోవడం మీద మాకు పేచీ లేదు, పుట్టింది ఇక్కడే, అన్నం తినేది ఇక్కడే. కానీ తెలుగు అక్షరం కళ్ళపడే చోటు ఊళ్ళో తగ్గిపోతూ వచ్చింది. రోజూ కనిపించేది ఒక్క చోటే, టీవీ తెర. సినిమా పేర్లు, వార్తల కింద పరిగెత్తే స్క్రోలింగు, వంటల కార్యక్రమంలో కొలతలు.

ఆ అక్షరాలు పాత టీవీలో ఎట్లా ఉండేవో గుర్తుందా? 625 గీతల్లో తెర మీద కనిపించేవి 576. స్క్రోలింగుకు అందులో కింది చిన్న పట్టీ దక్కుతుంది. ఇంగ్లీషు అక్షరానికి అది చాలు. మనదానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. మూడు అంతస్తుల ఇల్లు ఒక్క అంతస్తు చోట్లో కట్టినట్టు. పైగా పాత పద్ధతిలో బొమ్మను ఒకేసారి గీయరు. ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు. సన్నటి అడ్డగీత ఒక్క గీత మందమే ఉంటే అది సగం సేపే ఉంటుంది, అందుకని వణుకుతుంది. మన తలకట్టు చూడబోతే సన్నటి గీతే. వీటికి తోడు రంగు. పాల్‌లో వెలుగుకు ఇచ్చినంత చోటు రంగుకు ఇవ్వలేదు, మనిషి కన్ను రంగులో వివరాలను అంతగా పట్టుకోదు గనక. మొహానికి అది సరిపోతుంది. ఎర్ర పట్టీ మీద పచ్చ అక్షరాలకు సరిపోదు, అంచులు కారిపోతాయి. మన వార్తా ఛానెళ్ళ వాళ్ళకేమో ఎరుపూ పసుపూ అంటే ప్రాణం. తీగ చివరి ఇంట్లో, చుక్కల మధ్య, కారిపోయిన ఆ అక్షరాల్లో మా పెద్దమ్మాయి 'ప'కీ 'వ'కీ తేడా కనుక్కోవాలి. ఒత్తుల సంగతి చెప్పనక్కర్లేదు. "అమ్మా, కింద ఉన్న మచ్చ ఏంటి?" అనేది. మచ్చ కాదే, యావత్తు అనేదాన్ని.

2003 సెప్టెంబరు 1న చెన్నైలో క్యాస్ అని కొత్త పద్ధతి పెట్టారు. ఆ పేరు మీరు మర్చిపోయి ఉంటారు. నెలకు 72 రూపాయలకు కనీసం 30 ఉచిత ఛానెళ్ళు, డబ్బు ఛానెల్ కావాలంటే పెట్టె కొనాలి. నాలుగు మహానగరాల్లో అనుకున్నారు గానీ ఆ ఏడు నిలబడింది చెన్నైలో ఒక్కచోటే. పెట్టె ఎవరూ కొనలేదనే చెప్పాలి, మా వీధిలో మటుకు ఒక్కటీ లేదు. ఉన్నదాంతో సర్దుకున్నారు.

మా ఇంట్లో అసలు మార్పు గొడుగుతో వచ్చింది, ఈసారి చిన్న గొడుగు. డిష్ టీవీ 2003లో, దూరదర్శన్ వాళ్ళ డీడీ డైరెక్ట్ ప్లస్ 2004 డిసెంబరు 16న, టాటా స్కై 2006లో, సన్ డైరెక్ట్ 2007 చివర్లో. రెండడుగుల పళ్ళెం చాలడానికి కారణం కేయూ బ్యాండు, దాని తరంగం రెండున్నర సెంటీమీటర్లే. పెద్ద వాన పడితే ఆ సన్నటి తరంగం నీటిచుక్కల్లో ఇంకిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. చెన్నైలో నవంబరు నెలంతా అదే కథ. అయినా సరే, వాన లేనప్పుడు బొమ్మ అద్దం. కేబులబ్బాయి ముందు వరస, చివరి బెంచీ అన్న మాటే లేదు. నంబరు నొక్కితే తెలుగు, ఎంత తేటగా తమిళం వస్తుందో అంతే తేటగా.

డిజిటల్ అంటే బొమ్మను అంకెలుగా మార్చి, అవసరం లేనివి తీసేసి పంపడం. అంకె చేరిందా, బొమ్మ మొత్తం వస్తుంది. చేరలేదా, గళ్ళు గళ్ళుగా పగిలిపోతుంది. మధ్యలో చుక్కల బొమ్మ అనేది ఇక ఉండదు. ఎంపెగ్-2 తర్వాత వచ్చిన ఎంపెగ్-4 సుమారు సగం అంకెలతోనే అదే బొమ్మ ఇస్తుంది. దాంతో ఛానెళ్ళకు చోటు పెరిగింది. ఎక్కువ ఛానెళ్ళు ఇరికిద్దామని మరీ నొక్కితే మళ్ళీ అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు మసక వస్తుంది, అదీ చూశాం. డిజిటల్ అనగానే అద్దం అనుకోకూడదు.

ఊరి కేబుల్ మారడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 2011 చట్ట సవరణ ప్రకారం 2012 అక్టోబరు 31కి నాలుగు మహానగరాల్లో పాత అనలాగ్ కేబుల్ ఆగిపోవాలి. ఢిల్లీ, ముంబయి మారాయి. చెన్నైలో కోర్టు వ్యాజ్యాలు, ప్రభుత్వ అరసు కేబుల్‌కు డిజిటల్ లైసెన్సు విషయంలో జాప్యం. ఆ లైసెన్సు 2017 ఏప్రిల్‌లో వచ్చింది. దేశంలో మొదట పెట్టె పెట్టిన ఊరు, చివరి దాకా చుక్కలు చూసిన ఊరు కూడా మాదే! ఈ మార్పుకు 1982 నాటి మర్యాద లేదని ఇందాక అన్నాను కదా. పెట్టె లేని పాత టీవీ ఆ రోజుతో గుడ్డిదైపోయింది. మా చిన్నత్త వాళ్ళ టీవీ అట్లా గంగాళాలు పెట్టుకునే బల్ల అయింది.

హెచ్‌డీ గురించి రెండు మాటలు చాలు. 2010 అక్టోబరులో కామన్వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో చూపించింది. తెలుగు ఛానెళ్ళకు అది వచ్చేసరికి ఇంకొంత కాలం పట్టింది. 720×576 చుక్కల చోట 1920×1080, అంటే అయిదింతలు. మా చిన్నమ్మాయి స్క్రోలింగు పైకి చదవడం మొదలుపెట్టింది ఆ టీవీ కొన్నాకే. ఒత్తు మచ్చ కాదు, ఒత్తే. అక్కకు పన్నెండేళ్ళకు గానీ కుదరంది దీనికి ఏడేళ్ళకే కుదిరింది. తెలివి తేడా కాదు, తెర తేడా. అక్క ఈ మాట ఒప్పుకుంటుంది, చెల్లెలు ఒప్పుకోదు.

కొత్త వెడల్పు తెరతో కొన్నాళ్ళు ఒక వింత నడిచింది. పాత బొమ్మ నాలుగుకు మూడు, కొత్త తెర పదహారుకు తొమ్మిది. పాత సీరియళ్ళను సాగదీసి చూపిస్తే అందరూ లావైపోయారు. దీనికి ముందు ఇంకో వింత ఉండేది. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం. అంత వెడల్పు బొమ్మను చదరపు టీవీలో నింపాలంటే పక్కలు కోసేయాలి, అంచున నిలబడ్డ మనిషి గొంతు వినబడేది గానీ మనిషి కనిపించేవాడు కాదు. ఎడాపెడా కోతలు లేకుండా ఆ సినిమాను ఇంట్లో చూసింది ఈ మధ్యే. అవ్వ లేదు అప్పటికి.

ఇక సైట్ సంగతి. ఒక బొమ్మకు రెండు మాటలు అన్నానే. అనలాగ్ కేబుల్‌లో కార్టూన్ ఛానెల్ ఏ భాషలో రావాలో కేబుల్ వాడే నిర్ణయించేవాడు, చెన్నైలో తమిళం. డిజిటల్ వచ్చాక ఒకే బొమ్మ వెంట నాలుగైదు భాషల మాటలు పంపడం మామూలైపోయింది. రిమోట్ మీద భాష బటను నొక్కితే తెలుగు. డిస్కవరీలో పులి తెలుగులో వేటాడింది. 1975లో పల్లెలకు చూపించిన ఆ ఉపాయం మా ఇంటికి రావడానికి ముప్పై ఏళ్ళకు పైగా పట్టింది. నన్నడిగితే బొమ్మ అయిదింతలు కావడం కన్నా ఆ బటనే పెద్ద మార్పు. అయితే అన్ని పెట్టెల్లోనూ అన్ని భాషలూ ఇవ్వరు. మా మరిది వాళ్ళ పెట్టెలో బటను ఉంది, నొక్కితే తమిళం, ఇంగ్లీషు, మళ్ళీ తమిళం.

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త ధరలు పెట్టింది. అప్పుడు 100 మామూలు ఛానెళ్ళ దాకా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు, అదంతా దారి ఖర్చు. డబ్బు ఛానెళ్ళకు మళ్ళీ విడివిడి ధర. కట్టగా అమ్మాలంటే అందులోని ఒక్కో ఛానెల్ 19 రూపాయలు దాటకూడదన్నారు. ఆ లెక్కలో హెచ్‌డీ ఛానెల్ ఒకటి రెండు మామూలు ఛానెళ్ళతో సమానం. ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోండి అన్నది దీని ఉద్దేశం, బాగానే ఉంది. మా ఇంటికి వచ్చిన కాగితంలో తమిళ కట్ట దగ్గర ముందే టిక్కు పెట్టి ఉంది. తెలుగు కట్ట రెండో పేజీలో, అదనం. హైదరాబాదులో ఒక కట్టతో సరిపోయే ఇంటికి ఇక్కడ రెండు కట్టలు కావాలి. పిల్లలకు తమిళం కావాలి, స్నేహితులతో మాట్లాడుకోవాలి కదా. అమ్మకు తెలుగు కావాలి. బళ్ళారిలో, బరంపురంలో, షోలాపూరులో మీరూ ఇట్లాగే రెండేసి కడుతూ ఉంటారు. ఒకప్పుడు టవరు దూరం, తర్వాత తీగ చివర, ఇప్పుడు రెండో పేజీ.

నేల టవర్ల కథ కూడా ముగిసింది. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో చెన్నైతో సహా 16 నగరాల్లో డీవీబీ-టీ2 అనే డిజిటల్ నేల ప్రసారం మొదలుపెట్టింది, చిన్న పరికరం తగిలిస్తే ఫోనులో కూడా వస్తుందన్నారు. మా చుట్టాల్లో దాన్ని వాడినవాళ్ళు నాకు కనబడలేదు. పాత అనలాగ్ టవర్లను ఒక్కొక్కటే ఆపుతూ వచ్చి, సరిహద్దు ప్రాంతాల్లాంటి ముఖ్యమైన చోట్ల సుమారు 50 ఉంచి, మిగతావి 2022 మార్చి 31కల్లా మూసేయాలని నిర్ణయించారు. మా మేనమామ బూస్టరు ఇంకా సూళ్ళూరుపేటలో అటక మీదే ఉంది. అడిగితే "పనిచేస్తుందిలే" అంటాడు.

మొన్న మేస్త్రీ వెళ్ళిపోయాక చిన్నమ్మాయి మిద్దెక్కి గొట్టం చూసి, దీనికేం ఉండేదని అడిగింది. చేపముల్లు బొమ్మ గీసి చూపించాను. గొట్టం మొదట్లో నాయన సుద్దతో కాదు, ఎర్ర రంగుతో ఒక గీత గీసి ఉంచాడు, టవరు దిక్కుకు గుర్తుగా, గాలికి తిరిగిపోతే మళ్ళీ సరిచేయడానికి. పక్కనే రెండు అక్షరాలు, తుప్పు కింద సగం పోయాయి. అది వంగి చూసి, "ఇక్కడ కింద ఒత్తు ఉందమ్మా" అంది. నేను అన్నేళ్ళుగా దాన్ని తుప్పు మచ్చే అనుకున్నాను.